మానేశాక మొదటి మూడు రోజులు

ఏళ్ల తరబడి రోజూ తాగిన మనిషి ఇక మానేస్తానంటే ఇంటిల్లిపాదికీ పండగే. దేవుడి పటం ముందు ఒట్టు వేయిస్తారు, మాల వేయిస్తారు. ఆ సంకల్పానికి నమస్కారం. కానీ అంతగా అలవాటుపడ్డ శరీరానికి మొదటి రెండు మూడు రోజులు గండం. చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు. కొందరికి ఫిట్స్ వస్తాయి, లేనివి కనిపిస్తాయి. గాలి సోకిందనుకుని భూతవైద్యుడి దగ్గరికి తీసుకెళితే ప్రాణం మీదికి రావచ్చు. డీఅడిక్షన్ కేంద్రం ముందుగా ఈ గండం దాటిస్తుంది. వణుకు తగ్గించే మందులు, బి1 విటమిన్ ఇస్తారు, రాత్రిళ్లు కూడా కనిపెట్టి ఉంటారు.

కౌన్సెలింగ్ ఆ తర్వాత మొదలవుతుంది. అది ఇంట్లోవాళ్లకూ అవసరమే. తాగుడు వల్ల భర్తను పోగొట్టుకున్న శాంతి రంగనాథన్ గారు 1980లో చెన్నైలో చికిత్సా సంస్థ స్థాపించారు. కుటుంబం కూడా కోలుకోవాలన్న పట్టుదల ఆమెది.

కొట్టి మాన్పిస్తాం, కట్టేసి మాన్పిస్తాం అనేచోటికి మాత్రం దయచేసి పంపకండి. మానసిక వైద్యం పొందేవారిని గొలుసులతో బంధించడాన్ని 2017 చట్టం నిషేధించింది. కొన్నాళ్లకు మళ్లీ తాగినా చికిత్స వృథా అయిందనుకోకండి, మళ్లీ తీసుకెళ్లండి. బీపీ రోగి మందు ఆపేస్తే మనం చేసేది అదే కదా.

హైదరాబాద్ ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉంది. ఎక్కడివారైనా డీఅడిక్షన్ హెల్ప్‌లైన్ 14446కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తాగే మనిషే చేయనక్కర్లేదు, భార్య చేయవచ్చు, తల్లి చేయవచ్చు.