అస్తమయమునకు ముందటి అన్నము

మొయినాబాదు మండలమున, ఎనికేపల్లి చెరువు తూముగోడలలో నిమిడియున్న రెండు శిలాస్తంభములు 2023లో పురావస్తు పరిశోధకుల కంటబడినవి. వాని నాలుగు ముఖములందును ఆదినాథ, నేమినాథ, పార్శ్వనాథ, వర్ధమాన మహావీరులు ధ్యానస్థులై యున్నారు. గోడలోనికి పోక చదువుటకు చిక్కిన శాసనభాగము చిలుకూరి జైనమఠమును పేర్కొనుచున్నది. అనగా రమారమి వేయేండ్లకు పూర్వము, ప్రొద్దు గ్రుంకిన పిదప మెతుకు ముట్టని మునులు ఈ నేలపై సంచరించిరన్నమాట.

ఆ నియమమునే నేడు స్థూలకాయ చికిత్సకులు వేఱొక విధమున వల్లించుచున్నారు. 2022లో బోస్టనునందు అధికభారము గల 16 మందికి అదే భోజనమును నాలుగు గంటలు జాగుచేసి పెట్టి చూడగా, ఆకలి హెచ్చినది. కడుపు నిండెనని మెదడునకు తెలుపు లెప్టిన్ తగ్గినది. దేహము వ్యయించు శక్తియు కొంత క్షీణించినది. ఇది చూపి మన పూర్వులు సర్వజ్ఞులని చాటువారు కొల్లలు.

నాకీ సమర్థన రుచింపదు. దీపమునకు మూగి అన్నమున బడు పురుగు ప్రాణమునకై పుట్టిన వ్రతమును నడుము కొలతతో నిలబెట్టబూనుట దానిని చిన్నబుచ్చుటయే. పైగా ఆ యాధారమైనను గట్టిదా? అదే సంవత్సరమున గ్వాంగ్జౌలో 139 మంది స్థూలకాయులపై ఏడాదిపాటు జరిగిన పరీక్షలో, అందఱును కాలరీలు తగ్గించుకొనగా, ఉదయము 8 మొదలు సాయంత్రము 4 లోపున మాత్రమే భుజించినవారు తక్కినవారికంటె చెప్పుకోదగినంతగా అదనపు బరువేమియు కోల్పోలేదు. అంతమాత్రమున జైనధర్మ మోడినదందుమా? కార్తిక నక్తముల మాటయేమి? పగలెల్ల ఉపవసించి చుక్కలు చూచిన పిమ్మటనే విస్తరి ముందు కూర్చుండు మన గృహిణులను బోస్టను తక్కెడలో తూచినచో అపరాధినులే కావలసివచ్చును. రంజాను మాట చెప్పనక్కఱలేదు.

వైద్యుడు రోగికి పెందలకడ తినుమని చెప్పిన చెప్పుగాక, అది ఔషధము. దానిని పుణ్యముగా మార్చితిమా, లావుపాటివాడు వెంటనే పాపియగును, వేళాపాళా లేక తినునని లోకము దెప్పును. మొయినాబాదు ఫామ్‌హౌసులలో రాత్రి కాపలా కాయు మనిషి గేటు వేసి, కుర్చీ లాగుకొని, చల్లారిన టిఫిను డబ్బా విప్పుకొనుసరికి ఏ పదకొండో కొట్టును. ఆ వేళను నిర్ణయించినది అతని జిహ్వ కాదు. అతనికి కాలభోజనము నుపదేశింపదలచినవారు తొలుత డ్యూటీ వేళలను గూర్చి యజమానితో ప్రసంగింపవలెను.