ఎంపిక ఎవరిది?

2025 వేసవిలో నేను చికాగో శివారులో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. ఆ ఏడు కాలేజీలకు దరఖాస్తులు పెట్టవలసిన మనవరాలు ఒకనాడు, "తాతయ్యా, స్కూల్లో రాసిన ఏసీటీ చాలంటావా, శాట్ కూడా రాయనా?" అని అడిగింది. ముప్ఫయ్యేళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి గనుక అడిగింది. నేను పెద్దగా ఆలోచించకుండానే జవాబిచ్చాను: "రెండింటి నమూనా ప్రశ్నపత్రాలూ గడియారం ఎదురుగా పెట్టుకుని చెయ్యి. దేంట్లో ఎక్కువ వస్తే దాన్ని పట్టుకో." ఈ సలహాలో తప్పు లేదు. అక్కడ డబ్బు పుచ్చుకుని సలహాలిచ్చేవాళ్లు చెప్పేదీ ఇంతే. అయినా ఆ మాట చెప్పిన తర్వాత నాకు మనసు కుదుటపడలేదు.

తెలియనివారి కోసం రెండు ముక్కలు. అమెరికాలో కాలేజీ ప్రవేశానికి ప్రభుత్వం నడిపే పరీక్ష ఏదీ లేదు. శాట్, ఏసీటీ అని రెండు ప్రైవేటు సంస్థల పరీక్షలున్నాయి. మొదటిదానికి గరిష్ఠం 1600, రెండోదానికి 36. ఏది రాసినా కాలేజీలు సమానంగానే చూస్తాయి. ఏ మార్కు ఏ మార్కుకు సమానమో తెలిపే పట్టికను 2018లో ఆ సంస్థలే కలిసి వెలువరించాయి. ఏసీటీకి వేగం ఎక్కువ కావాలి. శాట్‌లో ఒక్కొక్క ప్రశ్నకు వ్యవధి ఎక్కువ. ఇప్పుడది కంప్యూటరు మీద నడుస్తుంది, మొదటి భాగం ఎలా చేశారో చూసి రెండో భాగాన్ని కష్టంగానో సులభంగానో ఇస్తుంది. 2024లో ఏసీటీ ఒక పెట్టుబడి కంపెనీ చేతిలోకి పోయింది. 2025లో పరీక్షను కుదించి, సైన్సును ఐచ్ఛికం చేశారు. సంతలో పక్కపక్క కొట్లలో సరుకు ఒకే మాదిరిగా తయారవడం మనకు తెలియనిదేమీ కాదు.

కాని ఈ రెండు పరీక్షలూ పుట్టుకలో ఒకటి కావు. వాటి వెనక మనిషిని గురించిన రెండు భిన్నమైన అభిప్రాయాలున్నాయి. 1926లో మొదటి శాట్‌ను తయారుచేసిన సంఘానికి నాయకుడు కార్ల్ బ్రిగ్‌హమ్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు. మొదటి ప్రపంచయుద్ధంలో సైనికులకు పెట్టిన బుద్ధిపరీక్షల లెక్కలు పట్టుకుని, ఉత్తర యూరపు జాతివాళ్లే ఎక్కువ తెలివిగలవాళ్లని 1923లో పుస్తకం రాసినవాడితడే. తన వాదం నిరాధారమని 1930లో తానే ఒప్పుకున్నాడు. అది అతని నిజాయితీ. పరీక్ష మాత్రం మిగిలింది. దాని పేరులో 'యాప్టిట్యూడ్', అనగా సహజశక్తి, అనే మాట చాలా ఏళ్లు ఉండేది. ఆసియావాళ్లకు తలుపులు మూసిన 1924 వలస చట్టం కూడా ఆ రోజులదే. 1965లో తలుపు తెరుచుకున్నాక వెళ్లిన మనవాళ్లు ఈనాడు తమ పిల్లలకు అదే పరీక్షలో వచ్చిన మార్కులు చూపి, ఇదంతా మా రక్తంలోనే ఉందని మురిసిపోతుంటే, బ్రిగ్‌హమ్ వదిలేసిన వాదాన్ని వీళ్లు ఎత్తుకున్నారేమిటా అనిపిస్తుంది.

ఏసీటీని 1959లో ప్రారంభించిన అయోవా విశ్వవిద్యాలయపు లిండ్‌క్విస్ట్ దృష్టి వేరు. పుట్టుకతో వచ్చిన శక్తిని కాదు, స్కూల్లో నేర్చుకున్నదాన్ని కొలవాలన్నాడు. ఈ భేదం చిన్నది కాదు. శక్తిని కొలిచే పరీక్షలో తప్పినవాడు ఇక చేయగలిగిందేమీ లేదు, లోపం వాడిదే. నేర్చినదాన్ని కొలిచే పరీక్షలో తప్పితే, నేర్పనివాళ్లు కూడా బోనులో నిలబడాలి. ఉపాధ్యాయుడిగా నేను లిండ్‌క్విస్ట్ పక్షం. అయితే అమెరికాలో స్కూళ్ల నిధుల్లో పెద్దభాగం ఆ ప్రాంతపు ఇళ్ల మీద, స్థలాల మీద వేసే పన్ను నుంచి వస్తుంది. ఖరీదైన ఇళ్లున్నచోట ఖరీదైన చదువు. కాబట్టి నేర్చినదాన్ని కొలవబోయి చివరకు ఇంటి ధరను కూడా కొలుస్తున్నారు.

ఆ మాత్రానికి పరీక్షలనే ఎత్తివేస్తే పోలేదా అని మన మిత్రులు అంటారు. నేనూ అన్నాను. 2020లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పాలకమండలి ఆ నిర్ణయమే చేసింది. కాని మార్కు పోయిన ఖాళీలోకి ఏం వస్తుందో చూడాలి గదా. కూలి ఇచ్చి దిద్దించిన స్వీయకథ వస్తుంది, పడవ పందేలూ కత్తిసామూ వస్తాయి, తండ్రి అదే కాలేజీలో చదివాడన్న సిఫారసు వస్తుంది. రాజ్ చెట్టీ అనే ఆర్థికశాస్త్రవేత్త, ఆయన సహచరులు 2023లో ఒక సంగతి చూపించారు. మార్కులు సమానంగా ఉన్నప్పుడు కూడా, నూటికి ఒకరుగా ఉన్న అత్యంత ధనిక కుటుంబాల పిల్లలు అగ్రశ్రేణి కాలేజీల్లో చేరే అవకాశం, మధ్యతరగతి పిల్లలతో పోలిస్తే రెట్టింపుకు పైగా ఉంది. అంటే మార్కు దగ్గర జరిగే అన్యాయం చాలదన్నట్టు, మార్కు తర్వాత ఇంకొకటి జరుగుతోంది. డార్ట్‌మత్ కాలేజీ 2024లో పరీక్షను మళ్లీ తప్పనిసరి చేస్తూ చెప్పిన కారణం కూడా గమనించదగ్గది. మార్కులు పంపినా పంపకపోయినా సరే అన్నప్పుడు, తమకు మేలు చేయగల మార్కులను బీదపిల్లలు తక్కువనుకుని పంపకుండా ఊరుకున్నారట. తక్కెడ వంకరదే, దాన్ని విరిచేస్తే కొట్టువాడి కంటి అంచనా మిగులుతుంది.

ఇక ఎంపిక సంగతి. ఇల్లినాయ్ రాష్ట్రం ప్రభుత్వ హైస్కూళ్లలో పదకొండో తరగతివాళ్లందరికీ ఉచితంగా పరీక్ష పెడుతుంది. కొన్నేళ్లపాటు అది శాట్. 2025 నుంచి ఏసీటీ. మార్చింది పిల్లలు కాదు, రాష్ట్రం కుదుర్చుకున్న కాంట్రాక్టు. ఉచిత పరీక్ష మంచిదే, అది లేకపోతే అసలు ఏ పరీక్షా రాయని పిల్లలుంటారు. మనవరాలి స్నేహితురాలొకతె సాయంత్రాలూ శనివారాలూ ఒక మందుల దుకాణంలో పనిచేస్తుంది. ఆమెకు ఏసీటీ ఒక్కటే. ఒక్క ఏడాది ముందు పుట్టి ఉంటే శాట్ ఒక్కటే. రెండో పరీక్షకు ఫీజు మాఫీ దొరుకుతుంది. శనివారం మాఫీ దొరకదు. మా పిల్లకు తన స్వభావానికి సరిపడిన పరీక్ష, ఆ పిల్లకు కాంట్రాక్టు తెచ్చిపెట్టిన పరీక్ష. తర్వాత రెండు మార్కులనూ ఒకే బల్లమీద పెట్టి, ఇదీ ప్రతిభ అంటారు.

ఇదంతా మనవరాలితో చెప్పాను. శ్రద్ధగా విని, "అయితే నన్ను రాయొద్దంటావా తాతయ్యా? నేను మానేస్తే తనకి శనివారం వస్తుందా?" అంది. రాదు. ఒకరి త్యాగంతో వ్యవస్థ మారదని నేనే ఎందరు విద్యార్థులకో చెప్పాను. సొంత ఇంట్లో ఆ మాట ఎంత సౌకర్యంగా ఉంటుందో అప్పుడు తెలిసింది. రిటైరయ్యాక విజయవాడలో ఒక కోచింగు సెంటరులో రెండేళ్లు ఎంసెట్ లెక్కలు చెప్పినప్పుడు కూడా నాకు నేను ఆ మాటే చెప్పుకున్నాను. ఫీజు ఎంతో కనుక్కుని గుమ్మంలోంచే వెనుదిరిగిన తండ్రులను అక్కడ రోజూ చూసేవాణ్ణి.

శాట్ రాయమనే చెప్పాను. నమూనా పత్రాలు దిద్దిందీ నేనే. నాలుగో వారానికి మార్కు పెరిగింది. పట్టిక తీసి, ఏసీటీ మార్కుతో పోల్చి చూసి, అది దీనికంటే ఎక్కువని తేలేసరికి సంతోషించాను.