కయీను కట్టిన పట్టణం



పవిత్ర గ్రంథంలో మొట్టమొదటి పట్టణాన్ని ఎవరు కట్టారో ఎప్పుడైనా గమనించారా? దావీదు కాదు, సొలోమోను కాదు. తోడబుట్టిన తమ్ముణ్ణి పొలానికి తీసుకువెళ్లి చంపిన కయీను. అతడు ఒక నగరం కట్టి దానికి తన కుమారుడు హనోకు పేరు పెట్టాడని ఆదికాండము నాలుగవ అధ్యాయం చెబుతుంది. హత్య జరిగింది పొలంలో, హంతకుడు చేరింది పట్నం. పల్లెలు పుణ్యభూములనీ, పాపమంతా పట్నాలదేననీ ఉపన్యాసాలిచ్చేవారు ఈ అధ్యాయాన్ని నిదానంగా చదవాలి.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది అందులోని మరో సంగతి. జరిగినదేమిటో దేవునికి తెలుసు. ఆయనకు సాక్షులు అక్కరలేదు, పంచనామా అక్కరలేదు. అయినా ముందు కయీనును పిలిచి ప్రశ్న అడిగాడు, జవాబు చెప్పనిచ్చాడు. అది అబద్ధమే అయినా విన్నాడు. శిక్ష ఆ తరువాతే. శిక్ష వేశాక కూడా, దారిన పోయేవాడెవడూ అతణ్ణి చంపకుండా ఒక గుర్తు పెట్టాడు. అలాగని హేబెలును మరచిపోయాడా? లేదు. నేలపై ఒలికిన రక్తం మొర పెడుతున్నదని చెప్పింది కూడా ఆ దేవుడే. హతుని మొర, హంతకుని మాట రెండూ ఒకే న్యాయాధిపతి చెవిన పడ్డాయి. మనమేమో ఒకరి మాట వింటే రెండోవారికి ద్రోహం చేసినట్లేనని భావిస్తున్నాము.

2019 నవంబరు 27 రాత్రి హైదరాబాదు శివార్లలో, శంషాబాదు దగ్గర, ఒక యువ పశువైద్యురాలికి జరిగిన ఘోరం మీకు గుర్తుండే ఉంటుంది. బిడ్డ ఇంటికి రాలేదని కుటుంబం పోలీసు స్టేషనుకు పరుగెత్తితే, అది మా పరిధి కాదంటూ తిప్పారని ఆ కుటుంబమే చెప్పింది. ఫిర్యాదు నమోదులో నిర్లక్ష్యం చేశారని ముగ్గురు పోలీసులను సస్పెండ్ చేశారు కూడా. డిసెంబరు 6న తెల్లవారుజామున, నిందితులుగా పట్టుబడిన నలుగురూ చటాన్‌పల్లి దగ్గర పోలీసు కాల్పులలో చనిపోయారు. జనం పోలీసులపై పూలు చల్లారు, మిఠాయిలు పంచారు. చల్లిన చేతులలో జపమాల పట్టుకునే చేతులు లేవని నేను అనుకోను.

ఆ పూలను నేను తేలికగా తీసిపారేయను. 2012 డిసెంబరులో ఢిల్లీ బస్సులో జరిగిన అత్యాచారం కేసులో శిక్ష అమలయ్యేసరికి 2020 మార్చి వచ్చింది. ఏళ్ల తరబడి కోర్టు మెట్లెక్కి దిగే తల్లిదండ్రులను చూసిన జనం, ఒక్క తెల్లవారుజామున తేలిపోయిన లెక్కను చూసి ఊపిరి పీల్చుకున్నారు. కాని తేలిందేమిటి? సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022 మే నెలలో బయటికి వచ్చింది. చంపాలనే ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని, పోలీసులు చెప్పిన కథ నమ్మదగినది కాదని, నలుగురిలో ముగ్గురు ఆనాటికి మైనర్లేనని అందులో ఉంది. ఆ నలుగురిలో ఎవరు ఏమి చేశారో ఇక ఏ కోర్టూ విచారించి తేల్చలేదు. ఆ రాత్రి కుటుంబం ముందు తెరచుకోని స్టేషను తలుపు సంగతేమిటి? తొమ్మిది రోజుల తరువాత పేలిన తుపాకి ఆ తలుపును తెరవలేదు. దాని గురించి ఎవరూ అడగకుండా మాత్రం చేసింది.

ముందు వినకుండా మన ధర్మశాస్త్రం ఎవరినైనా దోషి అంటుందా అని పరిసయ్యుల సభలో అడిగినవాడు నికోదేము ఒక్కడే. వాళ్లు అతణ్ణి ఎగతాళి చేశారు. ఈనాడూ అలా అడిగినవాణ్ణి నేరస్థుల పక్షమంటారు. పునీత తోమాసు అక్వినాసు ఇంకా కఠినంగా చెప్పారు: న్యాయమూర్తి తనకు స్వయంగా తెలిసినదానిని బట్టి కాక, న్యాయసభలో రుజువైనదానిని బట్టే తీర్పు చెప్పాలి. న్యాయమూర్తికే లేని స్వేచ్ఛ పోలీసుకు ఎక్కడిది?

సెమినరీలో మేము చదివిన మరో పేరు బెకారియా. నేరాన్ని ఆపేది శిక్షలోని క్రూరత్వం కాదు, శిక్ష తప్పదనే నమ్మకమూ అది త్వరగా రావడమూ అని 1764లో వాదించిన ఇటలీ దేశస్థుడు. మరణశిక్షను వ్యతిరేకించాడు. 1766లో మన శ్రీసభ ఆయన పుస్తకాన్ని నిషిద్ధ గ్రంథాల పట్టికలో పెట్టింది! 2018లో దివంగత పోపు ఫ్రాన్సిస్ గారు మరణశిక్ష అంగీకరించదగినది కాదని సత్యోపదేశ గ్రంథాన్ని సవరించారు. శ్రీసభకు ఆ దారి నడవడానికి రెండున్నర శతాబ్దాలు పట్టింది కనుక, మన పొరుగువాడు ఒక్క ప్రసంగంతో మారలేదని విసుక్కోకూడదు.

మా విచారణలో ఒక పెద్దావిడ ఉన్నారు. తెల్లవారుజామున పూజకు నడిచివస్తుంటే, గుడి సందు మలుపులో ఇద్దరు కుర్రవాళ్లు మోటారు సైకిలు మీద వచ్చి మెడలోని గొలుసు తెంపుకుపోయారు. మెడ మీది గాయం మానింది. కాని ఆమె ఇప్పుడు సాయంకాలపు పూజకే వస్తున్నారు, అదీ మనవరాలి చేయి పట్టుకుని. "ఫాదర్ గారూ, వాళ్లను చావగొట్టమని నేననడం లేదండీ. స్టేషనుకు మూడుసార్లు తిప్పారు. ఈ వయసులో చీకటితో బంగారం వేసుకుని ఎందుకు బయలుదేరావమ్మా అన్నారు. దొంగతనం నేనే చేసినట్టు ఉంది" అన్నారు. ఆమె ఫిర్యాదు ఇంకా కాగితం మీదికి ఎక్కలేదు. అంటే లెక్కల ప్రకారం మా పేటలో ఒక నేరం తగ్గింది. పత్రికలో నగరాల నేరాల రేటు చూసి సంతోషించేముందు, భయపడేముందు, ఈ సంగతి గుర్తుంచుకోండి. నేరాలు పెరగడం వేరు, నమోదు పెరగడం వేరు అని ఆ లెక్కలు ప్రచురించే జాతీయ నేర రికార్డుల బ్యూరోయే హెచ్చరిస్తుంది. ఫిర్యాదులన్నీ నిజాయితీగా రాసుకునే స్టేషనే చెడ్డపేరు తెచ్చుకుంటుంది!

ఇక అవతలి వైపు. కారాగార సేవకు వెళ్లినప్పుడు సెల్‌ఫోను దొంగతనం కేసులో ఉన్న ఒక కుర్రవాడు కనిపించాడు. బెయిలు వచ్చి రెండు నెలలయింది. "ఇద్దరు ష్యూరిటీలు కావాలట ఫాదర్, ఇంటిపన్ను రసీదు ఉన్నవాళ్లు. అమ్మ పని చేసే ఇంట్లో అడిగితే పనే పోతుంది" అన్నాడు. 2022 ఆఖరుకు దేశంలోని జైళ్లలో ఉన్న 5,73,220 మందిలో 4,34,302 మంది ఇంకా దోషులని తేలని విచారణ ఖైదీలే. పేదవాడు పూచీకత్తు లేక జైల్లో మగ్గడం అన్యాయమని సుప్రీంకోర్టు హుస్సేనారా ఖాతూన్ కేసులో చెప్పింది 1979లో. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన కొత్త సంహిత ప్రకారం, ఇంతకుముందు ఎన్నడూ శిక్షపడనివాడు గరిష్ఠ శిక్షలో మూడోవంతు కాలం గడిపితే బాండు మీద విడుదల చేయాలి. మరణశిక్షకో యావజ్జీవానికో తగిన నేరాలకు ఇది వర్తించదు. అంతవరకు సబబే. కాని ఒకటికంటే ఎక్కువ కేసులున్నవారికీ వర్తించదు. మూడు ఫోన్ల కేసులున్న బస్తీ కుర్రవాడు అక్కడే ఆగిపోతాడు.

కొత్త చట్టంలో నాకు నచ్చిన మాట మరొకటుంది. అయిదు వేల రూపాయలలోపు దొంగతనం, మొదటి శిక్ష, సొత్తు తిరిగి ఇచ్చేస్తే జైలు కాదు, సమాజ సేవ. జక్కయ్య నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. పోగొట్టుకున్నవాడి చేతికి ఏదో ఒకటి తిరిగి రావడం జైలు గోడలకంటే పాత న్యాయం. మా పెద్దావిడ గొలుసుకు ఇది సరిపోదు, లాక్కుపోవడం ఇప్పుడు వేరే నేరం, దానికి మూడేళ్లవరకు శిక్ష ఉంది. ఉండాలి కూడా. వృద్ధురాలిని రోడ్డున పడవేసినవాడిని కోర్టు శిక్షించకపోతే, వాడి క్షమాపణకూ విలువుండదు.

ఆగస్టు రెండవ ఆదివారాన్ని భారత శ్రీసభ కారాగార సేవా ఆదివారంగా పాటిస్తున్నది. ఆనాడు కానుకతో సరిపెట్టకండి. ప్రతి జిల్లా కోర్టులో న్యాయ సేవాధికార సంస్థ ఉంది, ఫోను 15100. స్త్రీలకూ, నిర్బంధంలో ఉన్నవారికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తుంది. నేరానికి బలైనవారి నష్టపరిహారమెంతో నిర్ణయించేదీ ఆ సంస్థే. కుర్రవాడి తల్లి, మా పెద్దావిడ ఇద్దరూ వెళ్లవలసింది ఒకే గుమ్మానికి. స్టేషనులో ఫిర్యాదు రాసుకోకపోతే దానిని జిల్లా పోలీసు సూపరింటెండెంటుకు, మా వంటి నగరాలలో కమిషనరేటు అధికారులకు, పోస్టులో పంపవచ్చునని కూడా చట్టంలో ఉంది. పెద్దావిడ కాగితం మా ఉపదేశి రాసిపెట్టారు. సోమవారం ఆమెతో స్టేషనుకు వెళ్లడానికి సంఘస్థులు ఇద్దరు ఒప్పుకున్నారు. కుర్రవాడికి మాత్రం ష్యూరిటీ ఒక్కరే దొరికారు, ఇంకొకరు కావాలి.