మౌంటింగులు మార్చిన కారు పాత కారేనా?

సిగ్నల్ దగ్గర కారు ఆగి ఉంటుంది. గేరు న్యూట్రల్‌లోనే ఉన్నా స్టీరింగు చేతిలో వణుకుతుంటుంది. ఏసీ వేస్తే డాష్‌బోర్డు కూడా గరగరలాడుతుంది. రివర్సులోంచి ఫస్టుకి వేయగానే బానెట్ కింద ఎక్కడో ధన్‌మని చప్పుడు. విజయవాడ ఆటోనగర్‌కి తీసుకెళ్తే మేస్త్రీ బానెట్ ఎత్తి, హ్యాండ్‌బ్రేక్ వేయించి, గేరులో పెట్టి క్లచ్ కొద్దికొద్దిగా వదలమంటాడు. ఇంజిన్ ఒక పక్కకి లేచి దబ్బున కూర్చుంటుంది. "మౌంటింగులు పోయాయండీ" అంటాడు. ఇంజిన్ బాగానే ఉంది, గేర్‌బాక్సూ బాగానే ఉంది. ఆ రెండింటినీ బండికి పట్టి ఉంచేదే చెడిపోయింది.

మౌంటింగంటే రెండు ఇనప ముక్కల మధ్య రబ్బరు ముద్ద. ఇంజిన్‌ని గట్టిగా పట్టుకోవాలి, దాని అదురు మాత్రం బాడీకి చేరనివ్వకూడదు. ఒకదానికొకటి విరుద్ధంగా ఉండే ఈ రెండు పనులూ చేయడమే దాని బతుకు. 1931లో క్రైస్లర్ కంపెనీ ప్లిమత్ కారులో ఇంజిన్‌ని రబ్బరు మీద నిలబెట్టి, ఆ అమరికకి 'ఫ్లోటింగ్ పవర్' అని పేరు పెట్టి ఊరూరా చాటింది. ఫ్రాన్సులో సిట్రోయెన్ ఆ హక్కులు కొనుక్కుని, ఈదుతున్న హంస బొమ్మని తన కార్లకి గుర్తుగా తగిలించింది.

రబ్బరు ముసలిదవుతుంది. ఇంజిన్ వేడికి గట్టిపడుతుంది, కారిన ఆయిలు తాగి ఉబ్బుతుంది, పగుళ్లిస్తుంది. విప్పిన పాత మౌంటింగుని వెలుగులోకి తిప్పి చూస్తే చాలాసార్లు రబ్బరు నడిమధ్యన తెగి ఉండదు. ఇనుముని అంటుకుని ఉన్న అంచు వెంబడే ఊడివచ్చి ఉంటుంది. కలిపే వస్తువు కూడా తాను కలిసిన చోటే విడిపోతుందన్నమాట.

సరిగ్గా ఇక్కడే మన తార్కికుల పాత తగాదా ఒకటి అడ్డొస్తుంది.

ఆంధ్రదేశానికి చెందిన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రాసిన తర్కసంగ్రహం సంస్కృతంలో తర్కం మొదలుపెట్టే చాలామంది విద్యార్థులకి నేటికీ మొదటి పుస్తకం. అందులో పదార్థాలు ఏడు. ఆరోది సమవాయం. దారాల్లో బట్ట, కుండలో ఎరుపు ఉండటానికి కారణమైన విడదీయరాని సంబంధం అది. బోల్టు వేసి బిగించేది సంయోగం మాత్రమే, ఎప్పుడైనా విప్పొచ్చు. అవయవాల్లో అవయవి ఉండటం, అంటే ఇన్ని భాగాల్లో 'కారు' అనే ఒక్క వస్తువు ఉండటం, సమవాయం. అది ఒక్కటే, నిత్యం అంటాడు అన్నంభట్టు.

శంకరాచార్యులు బ్రహ్మసూత్ర భాష్యంలో ఈ సమవాయాన్నే నిలదీశారు. రెండింటిని కలిపేది సమవాయమైతే, ఆ సమవాయాన్ని ఆ రెండింటితో కలిపేది ఏది? ఇంకో సమవాయమా? దానికి మరొకటా? ఈ లెక్కకి అంతుండదు కాబట్టి అనవస్థ అన్నారు. ఊడిన మౌంటింగు అంచు చూసినవాళ్లకి ఈ ప్రశ్న వట్టి మాటల పేచీ అనిపించదు. ఇంజిన్‌ని బాడీతో కలిపేది మౌంటింగు, మౌంటింగుని బాడీతో కలిపేది బోల్టు, రబ్బరుని ఇనుముతో కలిపేది సన్నటి జిగురు పొర. లోకంలో కనిపించే ప్రతి కలయికా మళ్లీ ఒక వస్తువే, దానికీ అరుగుదల ఉంది. నిత్యమైన సంబంధం గ్యారేజీలో ఎక్కడా చేతికి దొరకదు.

నైయాయికులు, అంటే ఈ తార్కికులే, ఇంకో అడుగు ముందుకేశారు. బట్టలోంచి ఒక్క దారం లాగినా పాత బట్ట నశించి, ఖండపటమనే కొత్త బట్ట పుడుతుందన్నారు. 'ఇది ఆ బట్టే' అనుకోవడం పోలిక వల్ల కలిగే భావన. ఈ లెక్కన ఒక్క మౌంటింగు విప్పగానే పాత కారు పోయినట్టే. ఇంజిన్ జాకీ మీద, ఆయిల్ పాన్ కింద పెట్టిన చెక్క ముక్క మీద నిలబడి ఉన్న కాసేపూ అక్కడున్నది ఇంకేదో బండి. చట్టం ఇంత కఠినంగా పోదు. ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు ఆర్‌సీలో ఎక్కిస్తుంది. ఇంజిన్ మారిస్తే చెప్పమంటుంది, రబ్బరు సంగతి అడగదు.

ఇదే ప్రశ్నకి పూరీలో జవాబు వేరు. అధిక ఆషాఢం వచ్చిన కొన్ని ఏళ్లలో జగన్నాథుడి దారువిగ్రహాలు మార్చి నవకళేబరం జరుపుతారు; ఈమధ్య జరిగింది 2015లో. దైతాపతులు కళ్లకి గంతలు, చేతులకి గుడ్డలు చుట్టుకుని బ్రహ్మపదార్థాన్ని పాత విగ్రహంలోంచి కొత్తదాంట్లోకి మారుస్తారు. పాత విగ్రహాలని కోయిలి వైకుంఠంలో పూడ్చి, సొంత మనిషి పోయినట్టు మైల పడతారు. ఒక పక్క స్వామి మారలేదనే నమ్మకం, ఇంకో పక్క నిజమైన ఏడుపు. ఈ రెంటినీ ఒకేసారి మోయగలగడం చాలా పెద్ద విషయం.

కారులో అలా దాచి మార్చే బ్రహ్మపదార్థం లేదు. కాబట్టి కారు సంగతికి దగ్గరగా వచ్చేవాడు బౌద్ధ భిక్షువు నాగసేనుడు. క్రీ.పూ. 2వ శతాబ్దపు యవన రాజు మిళిందుణ్ని ఆయన రథం గురించి అడిగాడు: నొగ రథమా? ఇరుసా? చక్రాలా? కాడా? పగ్గాలా? ఏదీ కాదని రాజే ఒప్పుకున్నాడు. వీటిని ఆసరా చేసుకుని 'రథం' అనే పేరు నిలుస్తుందని తేల్చారు. కాడి, పగ్గం కలిపేవే అయినా చక్రాలతో పాటు ఆ జాబితాలోకే ఎక్కాయి. శంకరులు వేలు పెట్టి చూపిన ఇబ్బంది ఇక్కడ రాలేదు, ఎందుకంటే కలయికకి నాగసేనుడు ప్రత్యేక పీట వేయలేదు. రాత్రంతా వెలిగే దీపంలో తొలిజాము మంటా, చివరిజాము మంటా ఒకటి కావు, వేరూ కావు అన్నాడు.

ఈ వాదాలన్నిటిలో మార్పు అంటే విప్పడం, తీయడం, పెట్టడం. మౌంటింగు ఇంకోటి చూపిస్తుంది. ముట్టుకోకుండా ఉంచిన కారు కూడా అదే కారుగా మిగల్లేదు. ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా వణుకు నేర్చుకుంది, కొన్ననాటి నిదానం పోగొట్టుకుంది. భాగం మార్చాకే యజమాని "ఇప్పుడు నా బండిలా ఉంది" అంటాడు. ఆ మాటని పోలిక వల్ల కలిగిన భ్రమ అని తీసిపారేయడం అన్యాయం. ఒక వస్తువు తనలా ఉండటమన్నది అప్పుడప్పుడు ఎవరో చేసిపెట్టాల్సిన పని కూడా.

మేస్త్రీ ఆ పని చేసే తీరు చూడాలి. ఒకటే పోయింది కదా, ఒకటే మార్చమంటే ఒప్పుకోడు. కొత్తది బిర్రుగా, పాతవి వదులుగా ఉంటే ఇంజిన్ వంకరగా కూర్చుని కొత్తదాన్నీ తినేస్తుంది. అన్నీ పెట్టాక కూడా బోల్టులు వెంటనే పూర్తిగా బిగించడు. జాకీ దించి, బరువు రబ్బర్ల మీద పడనిచ్చి, ఇంజిన్ తన చోటు తాను చూసుకున్నాకే ఆఖరి బిగింపు వేస్తాడు. కొత్త కారు పుట్టిన క్షణం ఏదని అడిగితే నైయాయికుడు ఎక్కడో ఒకచోట వేలు పెట్టి చూపించక తప్పదు. మేస్త్రీకి ఆ అవసరం రాదు. ఈ తగాదాలో అతను నాగసేనుడి పక్షం.