బాలుర విశ్వాసము – పెద్దల సత్యము

బాలుర సంతోషార్థము పెద్దలు చెప్పు కల్పన యసత్యమగునా యను ప్రశ్న చూచుటకుఁ జిన్నది, విచారించినకొలఁది పెద్దదగును.

క్రిస్మసునకు ముందురాత్రి శాంటాక్లాజను ముదుసలి ధ్రువపు జింకలను బూన్చిన మంచుబండిపై నాకాశమున వచ్చి, పొగగొట్టముగుండ నింటిలోనికి దిగి, మంచి పిల్లల మేజోళ్లలో బహుమానము లుంచిపోవునని యమెరికా, ఇంగ్లాండు దేశముల శిశువులు నమ్ముదురు. మన తెలుగు క్రైస్తవుల యిండ్లలో నితఁడే క్రిస్మసు తాత. నాలుగవ శతాబ్దమున మైరా పట్టణపు బిషప్పుగా నుండిన నికొలసు ఈ కల్పనకు మూలము. ఎనిమిది జింకల ముచ్చట 1823లో న్యూయార్కు రాష్ట్రమందలి ట్రాయి పట్టణపు పత్రికలో వెలువడిన యొక పద్యమువలన వ్యాపించెను. హాలండు బాలురు నికొలసు గుఱ్ఱముకొఱకుఁ దమ పాదరక్షలలో గడ్డియు, క్యారెట్టును ఉంచుదురు. తనకు రానున్న బహుమానమునే గాక, దూరమునుండి వచ్చు జంతువు ఆఁకలినిగూడఁ దలంచుట నేర్పు విశ్వాసమును నిందింప మాకు నోరాడదు.

అయినను కల్ల కల్లయే కదా! శుక్రాచార్యుఁడు బలిచక్రవర్తికి బొంకినను దోషములేని తావులు కొన్ని లెక్కించెను. శిశువులను మురిపించుట యందు లేదు. బలి యా యుపదేశమునే త్రోసిపుచ్చెను. జర్మను తాత్త్వికుఁడు కాంటు, మిత్రుని వెదకివచ్చిన హంతకునితోనైనను బొంకరాదని 1797లో వ్రాసెను. ఇంత కఠినముగాఁ బట్టినచో కథలు చెప్పు నవ్వలందఱు ననృతవాదులగుదురు. కాని కథ వేఱు, బొంకు వేఱు. కథ వినువాని యూహను మేల్కొల్పును. బొంకు వాని విచారమును నిద్రపుచ్చును.

1897లో వర్జీనియా యను ఎనిమిదేండ్ల బాలిక, న్యూయార్కు ‘సన్’ పత్రికలోఁ బడినది నిజమని తన తండ్రి చెప్పెనని తెలిపి, శాంటాక్లాజు కలఁడా యని యా పత్రికనే యడిగెను. ప్రేమయు నౌదార్యమును గలిగినట్లే యతఁడును గలఁడని సెప్టెంబరు 21వ తేదీన బదులు వచ్చెను. మధురమైన బదులే, కాని బాలిక యడిగినది యుపమానము గాదు, నిజము. ‘నిజమేనా’ యని బిడ్డ యడుగువఱకే యది కథ. ఆ పిమ్మట నౌనని నమ్మించుట బొంకు. సందేహము బుద్ధికి మొదటి మొలక. దానిని త్రుంచు హక్కు కన్నవారికైనను లేదు.

ఇంతకంటె ఘోరమైనది మఱియొకటి కలదు. మంచి పిల్లలకే బహుమానము వచ్చునన్నచో, ధనికుని బిడ్డకు సైకిలును, కూలివాని బిడ్డకు నారింజపండును వచ్చిననాఁడు, ఆ రెండవ బిడ్డ తానే చెడ్డవాఁడనని తలంపఁడా? తండ్రి పేదఱికము కుమారునికి స్వదోషముగాఁ దోఁచును. అప్పుడది వినోదము గాదు, అన్యాయము. మన యిండ్లలో బూచివాఁడని బెదరించుటయు నిట్టిదే. అచ్చట నాశ, ఇచ్చట భయము. రెండును బిడ్డను లోఁబఱచుకొను సాధనములే.

కావున మా యభిప్రాయమిది. కథ చెప్పుఁడు, బహుమానమునకును నడవడికిని ముడివేయకుఁడు. బిడ్డ నిజమడిగిననాఁడు నిజమే చెప్పుఁడు. ఇన్నినాళ్లు నిచ్చినది మేమే, ఇఁక నీవును బేరు చెప్పుకొనక యొరులకు నీయవచ్చునని తెలుపుఁడు. నికొలసు ఒక బీదతండ్రి మువ్వురు కుమార్తెల వివాహములకై రాత్రివేళ నెవరికిఁ దెలియకుండ బంగారము నింటిలో వైచెనని యైతిహ్యము. పొగగొట్టముపై నమ్మకము పోయినను, ఆ గుప్తదానము బిడ్డకు మిగిలినఁ జాలును.