విచారణ

తెలుగు కతోలికులు పారిష్‌ని ‘విచారణ’ అంటారు. అక్కడి ఫాదర్ గారు ‘విచారణ గురువు’. పోలీసు విచారణ, కోర్టు విచారణ మాత్రమే తెలిసిన చెవికి ఈ మాట మొదట వింతగా తగులుతుంది. కానీ ఒకరి యోగక్షేమాలు కనుక్కోవడం కూడా విచారించడమే కదా. బాగున్నావా అని అడగడానికీ, నువ్వెవరు అని నిలదీయడానికీ మనకి ఒకటే మాట ఉంది.

ఏలూరుకీ తాడేపల్లిగూడేనికీ మధ్య అలాంటి ఒక విచారణలో శని, ఆదివారాలు ఆఫీసు పని చూస్తున్నాను. మిగతా ఐదు రోజులూ ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. గుడి ఆఫీసులో కానుకల లెక్క, కరెంటు బిల్లు, సర్టిఫికెట్లు. వీటిలో బరువైనది జ్ఞానస్నానాల రిజిస్టర్. పెళ్లికైనా, స్కూలు సీటుకైనా కొల్లేటి లంకల నుంచి కూడా దాని కోసం వస్తారు.

ఆ రిజిస్టర్లన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించమన్నారు ఫాదర్ గారు. పేరు కొడితే సెకనులో పేజీ రావాలి. నాకది చిటికెలో పని. చేతులాడనిది అందువల్ల కాదు.

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులు కానివాళ్ళు ఎస్సీలు కారు. 1956లో సిక్కులకీ, 1990లో బౌద్ధులకీ ఆ హోదా ఇచ్చారు. క్రైస్తవులకి ఇవ్వలేదు. ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులైన ఎస్సీలు బీసీ-సి కిందికి వస్తారు. ఎస్సీలకి 15 శాతం, వీళ్ళకి 1 శాతం. అందుకే చాలా ఇళ్ళలో మనిషికి రెండు పేర్లు. బడిలో వెంకటేశ్వరరావు, గుడిలో యోహాను. జ్ఞానస్నానం అయిన మర్నాడు ఎవరి ఇల్లూ పేట నుంచి ఊళ్ళోకి కదల్లేదు. కాగితం మీద మాత్రం కులం పోయింది.

2024 నవంబరులో పుదుచ్చేరి నుంచి వచ్చిన ఒక కేసులో, ఒకామెకి ఎస్సీ సర్టిఫికెట్ ఇవ్వకపోవడం సరైనదేనని సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. పసిపాపగా ఆమె పొందిన జ్ఞానస్నానం కూడా అందులో సాక్ష్యమైంది. రేపు మా దగ్గర రిజర్వుడు సర్పంచ్ సీటులో ఓడినవాడికి, గెలిచినవాడి పేరు వెతికే డబ్బా నేను తయారుచేసి పెట్టినట్టు కాదా?

అలాగని నిజాన్ని దాచొచ్చా? తలుపు తట్టిన హంతకుడితో కూడా అబద్ధమాడకూడదని 1797లో కాంట్ వాదించాడు. జవాబు చెప్పక తప్పని స్థితి గురించి ఆయన మాట్లాడాడు. అడిగిన ప్రతివాడికీ జవాబు బాకీ ఉన్నామని అనలేదు. నేను రిజిస్టర్‌లో పేరు మార్చను, పేజీ చింపను. కానీ ఆ తల్లిదండ్రులు ఆ వివరాలు ఇచ్చింది బిడ్డ జ్ఞానస్నానం కోసం. ఇంకొకరి ఫిర్యాదు కోసం కాదు. ఒక పనికి చెప్పిన నిజాన్ని ఇంకో పనికి వాడుకునే హక్కు దాన్ని భద్రపరిచేవాడికి లేదు. 1983 నాటి శ్రీసభ చట్టం 535వ నిబంధన కూడా విచారణ పుస్తకాలు పరాయివాళ్ళ చేతుల్లో పడకుండా చూడమంటుంది.

అందుకని షీట్‌లో పేర్లు పెట్టలేదు. సంవత్సరం, పుస్తకం నంబరు, పేజీ నంబరు. మనిషి స్వయంగా వచ్చి ఏ ఏడు పుట్టారో చెప్తే ఇద్దరం కలిసి పేజీ తిప్పుతాం. ఫాదర్ గారు కాసేపు ఆలోచించి సరేనన్నారు.

ఇక్కడితో లెక్క సరిపోతే బాగుండేది. మా విచారణలోనే ఒక పెద్దాయన ఉన్నారు. ఒకటే పేరుతో బతికి, మతం దాచకుండా బీసీ-సి సర్టిఫికెట్ తీసుకున్నారు. కొడుకు ఆ ఒక్క శాతంలోనే పోటీపడి సీటు పోగొట్టుకున్నాడు. పక్కింటి కుర్రాడికి వచ్చింది. నా షీట్ కాపాడేది ఆ పక్కింటివాళ్ళని. “మరి నిజం చెప్పిన మాకేంటి బాబూ?” అన్నారాయన, కోపం లేకుండానే.

తప్పు ఆ ఉత్తర్వుది, పక్కింటివాళ్ళది కాదు అని చెప్పగలను. ఆయనకది తెలియనిది కాదు. ఒకే పేటలో ఇద్దరిని పోటీకి నిలబెట్టింది ప్రభుత్వమే అయినా, ఒకరి వైపు మౌనంగా నిలబడ్డది నేను. ఇప్పటికీ ఆ షీట్‌లో పేర్ల కాలమ్ చేర్చను. కానీ ఆయన ఆఫీసుకి వచ్చినప్పుడు నేను చేస్తున్నది న్యాయం అని ఆయన ముఖం మీద చెప్పలేను. అది ఒకరికి హాని జరక్కుండా ఆపడం మాత్రమే. న్యాయం ఆ ఆఫీసు బీరువాలో లేదు.