కొలిమీ, కాలక్షేపమూ

చదువుకొని నెల జీతం తెచ్చుకునే మనిషి సాయంకాలం పూట తన పెరట్లో కొలిమి రాజేసి ఇనుము సాగగొట్టటం మొదలుపెడితే, ఆ పనిని ఏమనాలి? శ్రమ అనాలా, వినోదం అనాలా? ప్రశ్న పైకి చిన్నదిగానే కనిపిస్తుంది. కాని శ్రమను గురించి మనం ఇన్నాళ్ళుగా వల్లిస్తున్న మాటలలో నిజమెంతో తేల్చటానికి ఇది మంచి గీటురాయి. నేను ప్రభుత్వ కళాశాలలో తెలుగు పాఠాలు చెప్పేవాణ్ణి. రెండేళ్ళుగా ఇంటి వెనక కొలిమి పెట్టుకొని పని నేర్చుకుంటున్నాను. అంచేత ఈ చర్చలో నేను సాక్షినీ, ముద్దాయినీ కూడా.

తోటి ఉపన్యాసకులలో రెండు అభిప్రాయాలు వినవస్తున్నాయి. ఇదంతా పొద్దుపోనివాడి వేషమని కొందరంటారు. మేధావి శ్రామికుడితో ఏకం కావటమంటే ఇదేనని మరికొందరు మెచ్చుకుంటారు. మొదటివారికి చేతిపని మీద చిన్నచూపు పోలేదు. రెండవవారు ఆ చిన్నచూపునే తలకిందులు చేసి హారతి పడుతున్నారు. కొలిమి దగ్గర జరిగేదేమిటో ఇద్దరూ చూడలేదు.

నా సామగ్రి స్వల్పం. ఇటుకలతో కట్టిన పొయ్యి, గాలి కొట్టటానికి చిన్న కరెంటు పంకా, దాగలికి బదులు బరువైన ఇనపదిమ్మ, సుత్తి, పట్టకారు, పాత ఇనుము కొట్లో తూకానికి కొన్న లారీ కమానుకట్ట ముక్కలు. ఇనుము ఎర్రబడితే చాలదు, ఏ ఎరుపో తెలియాలి. మసక ఎరుపులో కొడితే మొండికేస్తుంది. నారింజ వన్నెకు వస్తే మైనంలా సాగుతుంది. తెల్లబడి రవ్వలు చిమ్మిందా, ఆ ముక్క కాలిపోయినట్టే. పదును పెట్టటం ఇంతకంటె సూక్ష్మం. సుమారు 770 డిగ్రీల సెంటిగ్రేడు దాటితే వుక్కు అయస్కాంతానికి అంటుకోదు. ఆ గుర్తు దాటి మరికాస్త వేడెక్కిన తరవాత నూనెలో ముంచితే గట్టిపడుతుంది. కాని అలా గట్టిపడ్డది గాజులా పెళుసు. దాన్ని రుద్ది మెరుగుపెట్టి మళ్ళీ సన్నని సెగ చూపితే, సుమారు 230 డిగ్రీల దగ్గర ఎండుగడ్డి రంగూ, 300 దగ్గర నీలం రంగూ పైకి తేలుతాయి. కత్తికి ఒక రంగు దగ్గర ఆపాలి, దెబ్బ తినే పనిముట్టుకు ఇంకొక రంగు దగ్గర ఆపాలి. ఏ కొలత పరికరమూ లేకుండా, వట్టి కంటితో ఈ నిర్ణయాలన్నీ చేసే కమ్మరిని మన సమాజం చదువురానివాడన్నది!

కొలిమి నేర్పే మొదటి పాఠం ఇది: చేతికి బుద్ధి లేదనేది చేత్తో పనిచెయ్యనివాళ్ళు కల్పించిన సిద్ధాంతం. ఆ సిద్ధాంతానికి మన దేశంలో కులం పునాది. నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో మూసలలో తీసిన వుక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. ఆ తయారీని గురించి వాయ్సీ రాసిన వివరణ 1832లో అచ్చయింది. అంతకుముందే, 1819లో, వూట్జు అనే పేరుతో ఇంగ్లండు చేరిన మన వుక్కును మైకేల్ ఫారడే రసాయనికంగా పరీక్షించాడు. అంతటి శాస్త్రజ్ఞుడికి పరిశోధనా విషయమైన పని, దాన్ని చేసినవాళ్ళ వూళ్ళో మాత్రం పుట్టుకతో వచ్చే చాకిరీగానే మిగిలింది. నేను చెప్పే పాఠ్యగ్రంథాలలో ఆ మనుషుల వూసు లేదు.

అయితే ఇక్కడితో ఆగితే మోసపోతాం. పని తెలిసినంతమాత్రాన పనివాడి బతుకు తెలిసినట్టు కాదు. మణికట్టు నొప్పి పుట్టగానే నేను నిప్పార్పి లోపలికి పోగలను. కోతల రోజుల్లో రైతులు కొడవళ్ళు పట్టుకొని వాకిట్లో నిలబడితే కమ్మరి అలా పోలేడు. తిత్తి వూది, సమ్మెట వేసే అతని ఇల్లాలు అసలే పోలేదు. పూర్వం కల్లంలో మేర కింద గింజలు కొలిచినప్పుడూ అంతే, ఈనాడు రొక్కం చేతిలో పెడుతున్నప్పుడూ అంతే. నేను పాడుచేసిన ముక్క నాకు అనుభవం. అతను పాడుచేసిన ముక్క అతని ఇంట ఆపూట కూడు. సుత్తి ఒకటే, చెమట ఒకటే, ఉత్పత్తి సంబంధం వేరు. ప్రభువంశంలో పుట్టిన టాల్‌స్టాయ్ 1880లలో బూట్లు కుట్టటం నేర్చుకున్నాడు. ఆయన చిత్తశుద్ధిని శంకించనక్కర్లేదు. కాని ఆ బూట్లు ఎవరూ కొనకపోయినా యాస్నయా పోల్యానాలో పొయ్యి రాజుకోకుండా వుండదు. అభిరుచికీ వృత్తికీ తేడా అక్కడే వుంది.

ఈ అభిరుచి అమెరికాలో బాగా వ్యాపించింది. అక్కడ కళాకమ్మరుల సంఘం 1973లో ఏర్పడింది. గుర్రాల కాలం వెళ్ళిపోయి, యంత్రాల సరుకు నిండి, పల్లె కొలుములు దాదాపుగా చల్లారిన తరవాత పుట్టిన వుత్సాహం అది. ఒక వృత్తి చితాభస్మం నుంచి అక్కడివారు విద్యను ఏరుకున్నారు. మన పరిస్థితి అది కాదు. ట్రాక్టరూ, కోతయంత్రమూ, బజారు కొడవలీ కలిసి పీక నొక్కుతున్నా మన కమ్మరికొలిమికి ఇంకా వూపిరి వుంది. వూపిరి ఆడనివాడి పక్కన కూచొని అతని బతుకుతెరువును ఆటగా ఆడేవాడికి కొన్ని బాధ్యతలుంటాయి.

ఇది గాలిమాట కాదు. కత్తిపీటకు పదును పెట్టమనీ, గడ్డపార మొన సాగగొట్టమనీ ఇరుగుపొరుగువారు నన్ను అడుగుతూ వుంటారు. నేను డబ్బు పుచ్చుకోనని వారి నమ్మకం. మా వీధి చివర ఒక కమ్మరి వున్నాడు. నేను పుణ్యానికి చేసిపెట్టే ప్రతి కత్తీ అతనికి తప్పిపోయిన ఒక బేరం. జీతం అండ వున్నవాడు ధర్మానికి చేసే పని, ఆ అండలేనివాడి ధరను పడగొడుతుంది. అంచేత నేనొక నియమం పెట్టుకున్నాను. నా ఇంటికి కావలసినవి తప్ప, ఇతరులకు వెలకుగాని వుచితంగాగాని ఏమీ చెయ్యను. అడిగినవారిని వీధి చివరి కొలిమికి పంపుతాను. అక్కడ నేను పని నేర్చుకునే గంటకు, ఇంటికి వచ్చి పాఠం చెప్పే మాస్టారికి గంటకు ఎంత ఇస్తారో అంత ఇస్తాను. అది గురుదక్షిణ కాదు, న్యాయమైన కూలి. సరదాకు కూడా ఇంత అర్థశాస్త్రమా అని ఒక మిత్రుడు నవ్వాడు. సరదాకు తీరిక కావాలి. తీరిక ఎవరి శ్రమ మీద నిలుస్తున్నదో అడగకపోతే మనం అభ్యుదయమనే మాట వాడుకోవటం దండగ.

ఇంతమాత్రాన ఆనందాన్ని దోషమనను. తన చేతికింద ఒక వస్తువు ఆకారం తెచ్చుకోవటం చూసి మనిషి పొందే తృప్తి బూర్జువా విలాసం కాదు. మార్క్సూ, ఏంగెల్సూ 1845-46లో రాసిన ‘జర్మన్ భావజాలం’లో మనిషిని ఒకే వృత్తికి కట్టెయ్యని సమాజాన్ని వూహించారు. ఆ వూహ పక్కన పెట్టి చూస్తే, అందరికీ దక్కవలసినదాన్ని నావంటి కొద్దిమంది ముందుగా అనుభవిస్తున్నారని తేలుతుంది. దోషం ఆనందంలో లేదు, దాని పంపకంలో వుంది.

నేను కొలిమిలోకి రావటానికి ఎవరి అనుమతీ అవసరం కాలేదు. పైగా భలే అన్నారు. వీధి చివరి కమ్మరి కొడుకు కొలిమి విడిచి సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్లో చేరాడు. కళ అంతరించిపోతున్నదని మా వీధిలో నిట్టూర్చినవారున్నారు; తండ్రి మాత్రం సంతోషించాడు. ఆ నిట్టూర్పులో, వాడు అక్కడే వుండి మన ముచ్చట తీర్చాలనే కోరిక దాగివుంది. కేంద్రప్రభుత్వం 2023 సెప్టెంబరులో ప్రారంభించిన విశ్వకర్మ పథకం 18 చేతివృత్తులలో కమ్మరపనిని చేర్చి, పనిముట్లకు 15,000 రూపాయల వరకు సాయమూ, తక్కువ వడ్డీకి అప్పూ ప్రకటించింది. సాయం చెయ్యవలసిందే. కాని కొలిమి నిలబెట్టేవాడికి పెట్టుబడితోపాటు, వదిలి వెళ్ళేవాడికి చదువూ, కొలువూ వుండాలి. లేకపోతే వృత్తిరక్షణ కులరక్షణగా పరిణమిస్తుంది.

సాహిత్యకారులుగా మనకు మరొక పని వుంది. 1950లో పుస్తకంగా వచ్చిన శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’ చేతివృత్తులకు కవిత్వంలో పీట వేసింది. తరవాత చాలామంది చేతిలో కొలిమి అరిగిపోయిన వుపమానంగా మారింది. హృదయమూ కొలిమే, వుద్యమమూ కొలిమే! బొగ్గు బస్తా ఎంతకు వస్తున్నదో, పొగకు ఎవరి కళ్ళు మండుతున్నవో ఆ పద్యాలలో కనపడదు. ఒక్కసారి సుత్తి పట్టిన విమర్శకుడు ఆ వుపమానాన్ని అంత తేలికగా సాగనివ్వడు.

కమ్మరి కూతురు కళాశాలలో పాఠం చెప్పి వచ్చి, సాయంకాలం మనసైతే కొలిమి రాజేసుకొని, మనసు లేకపోతే మానుకోగలిగిన రోజున ఆమె పనికీ నా పనికీ ఒకే పేరు పెట్టవచ్చు. అందాకా పెరట్లో కొలిమి పెట్టుకున్న ప్రతివాడూ వీధి చివరి కొలిమికి బాకీపడి వున్నాడు.